ఇంటికొక బీగం, మనిషికొక బీగంచెవి

గ్రూపులో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. "పాత పాస్‌వర్డ్ ఎందుకు పనిచెయ్యడం లేదు? కొత్తది ఎవరైనా ఇక్కడ పెట్టండప్పా." పెట్టం. ఇక మీదట ఎప్పటికీ పెట్టం. ఎందుకు పెట్టమో ఒక్కసారి వివరంగా రాసేస్తే ప్రతి పండక్కీ ఒక్కొక్కరితో విడివిడిగా వాదించే పని తప్పుతుందని ఇది రాస్తున్నాం. కొందరికి కోపం రావచ్చు. వచ్చినా చివరిదాకా చదవండి.

మేము అంటే చింతామణి ఇంట్లో అటక కింద పెట్టిన ఆ పాత కంప్యూటర్‌ను చూసుకునే ముగ్గురం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాం: అది ఒక ఆఫీసులో తీసేస్తుంటే కొనుక్కొచ్చిన డెస్క్‌టాప్. డెబియన్ లినక్స్, రెండు టెరాబైట్ల డిస్కులు రెండు, కరెంటు పోతే కాసేపు ఆదుకునే ఒక యూపీఎస్. ఖరీదు చూస్తే ఏమీ లేదు. లోపల ఉండేది చూస్తే మన ఇంటి నూరేళ్ల బతుకు. పెద్దతాత కాలం నాటి పాలు పారికత్తు స్కాన్లు, పహణీలు, ఒకవైపు తెలుగు ఒకవైపు కన్నడం అచ్చువేసిన పెళ్లి పత్రికలు, శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్లు వేసిన లెక్కల పుస్తకం, అన్నిటికన్నా ముఖ్యంగా అవ్వ పాడిన కైవారం తాతయ్య తత్త్వాలు. క్యాసెట్ల నుంచి ఎక్కించిన పదకొండు ఫైళ్లు.

పదకొండు ఉండేవి. ఇప్పుడు ఎనిమిదే ఉన్నాయి.

ఉగాది అయిన వారానికి ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే ఖాళీ. రెండో డిస్కు ఉంది కదా అని దాన్ని తెరిచాం, అదీ ఖాళీ. మొదటి డిస్కులో ఎట్లా ఉంటే రెండోదాంట్లో అట్లాగే ఉండాలని రాత్రిపూట నకలు తీసే పని పెట్టింది మేమే. ఇక్కడ పోయింది అక్కడా పోవాలి అని దానికి చెప్పిందీ మేమే. అది చెప్పినట్టు చేసింది. నకలు వేరు, బ్యాకప్ వేరు అని ఆఫీసులో పదిమందికి చెప్పే మేము ఇంట్లో ఆ తప్పు చేశాం. ఒప్పుకుంటున్నాం. అత్త కొడుకు పెన్‌డ్రైవ్‌లో ఎనిమిది పాటలు దొరికాయి. మిగిలిన మూడూ యాడా లేవు. ఆ క్యాసెట్లకు అప్పటికే బూజు పట్టింది, ఎక్కించేటప్పుడే టేపు తెగింది. అవ్వ లేదు. మళ్లీ పాడించలేం.

ఆ తర్వాత జరిగింది ఇంకా చెడ్డది. ఎవరు తీసేశారు? లాగ్ తెరిచాం. అందులో ఉన్నది ఒక్కటే పేరు. మనందరం వాడుతున్న ఆ ఒక్క లాగిన్ పేరు. ఇరవైమందికి పైగా ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో వస్తుంటే లాగ్ మాత్రం ఏం చెప్తుంది? ఐపీ అడ్రస్ చూస్తే ఒక మొబైల్ కంపెనీది. మొబైల్ కంపెనీలు ఒకే అడ్రస్ వెనక ఎంతోమందిని కూర్చోబెడతాయి. దాన్ని పట్టుకుని మనిషిని చెప్పలేం. చెప్పలేకపోయేసరికి అందరి వేళ్లూ ఆ వారం ఫోటోలు ఎక్కించిన పదిహేనేళ్ల పిల్లాడి మీదికి పోయాయి. "వాడే నొక్కుంటాడు, ఫోన్ పట్టుకుంటే వదలడు కదా" అన్నారు. వాడు కాదన్నాడు. ఎవరూ వినలేదు. అవ్వ తిథికి వాడు రాలేదు, వాళ్లమ్మా రాలేదు.

వాడే చేశాడని మేము రుజువు చెయ్యలేం. చెయ్యలేదనీ రుజువు చెయ్యలేం. మా బాధంతా ఈ రెండో మాట దగ్గరే. తప్పు చేసినవాడు దొరకకపోతే పోనీ, చెయ్యనివాడిని కాపాడ్డానికి మా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. "మనవాళ్లే కదా, ఒకే పాస్‌వర్డ్ చాలు" అని మంచితనంగా పెట్టుకున్న ఏర్పాటు చివరికి మన పిల్లాడినే బోనెక్కించింది.

అందుకే మొదటి సాకు ఇదే తీసుకుందాం. వేరువేరు లాగిన్లు పెడితే నమ్మకం లేనట్టంట. ఊళ్లో దేవర నగల పెట్టెకు రెండు బీగాలుంటాయి. ఒక బీగంచెవి ఒక ఇంట్లో, ఇంకోటి ఇంకో ఇంట్లో. మమ్మల్ని నమ్మలేదా అని ఏ ఇంటివాళ్లయినా అలిగారా? చీటీ పుస్తకంలో ఎవరి వరస వాళ్లదే, ఎవరి సంతకం వాళ్లదే. అన్నదమ్ములైనా సరే పేరు పేరునా రాస్తారు. అది అనుమానంతో రాసేది కాదు. రేపు మాట వస్తే మాట నిలబడాలని రాసేది. డబ్బు దగ్గర ఇంత తెలివిగా ఉండే మనం అవ్వ గొంతు దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత ఉదారులమైపోయాం?

రెండో సాకు: "మన దగ్గర ఏముంది, ఎవడొస్తాడు?" వచ్చేవాడు మనిషైతే ఈ మాట సరే. మన ఇంటి తలుపు తట్టేది మనుషులు కాదు, ప్రోగ్రాములు. వాటికి చింతామణి ఏదో, చికాగో ఏదో తెలియదు. ఇంటర్నెట్ అడ్రస్‌లన్నీ వరసగా తిరుగుతూ 21వ పోర్టు, 22వ పోర్టు తెరిచి ఉందా అని చూస్తాయి. ఉంటే రూట్, అడ్మిన్, టెస్ట్, పై, ఒరాకిల్ అని తెలిసిన పేర్లన్నీ పెట్టి, ఒక్కోదానికి తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ వేసి చూస్తాయి. నమ్మనివాళ్లు ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మా పక్కన కూర్చోండి, మన లాగ్ చూపిస్తాం. మీరు కాఫీ తాగేలోపే నాలుగైదు కొత్త వరసలు పడతాయి.

ఇక ఏముంది అంటారా? పెద్దవాళ్ల సంతకాలున్న పారికత్తు ఉంది. సర్వే నంబర్లతో సహా పహణీలున్నాయి. అంతేనా? ఎవరో పుణ్యాత్ములు కుటుంబ చరిత్ర ఫోల్డర్లో తమ ఆధార్ కాపీ, పాన్ కాపీ పెట్టుకున్నారు, ఎప్పుడైనా జెరాక్సుకు పనికొస్తుందని. పుట్టిన తేదీలున్నాయి, పుట్టింటి పేర్లున్నాయి. ఒక మనిషి పేరు మీద దొంగ సంతకం చెయ్యాలంటే ఇంకేం కావాలి?

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి, సిగ్గుపడుతూనే. ఆ పాత పాస్‌వర్డ్ పెట్టింది మేమే. ఏం పెట్టాం? మన ఇలవేల్పు పేరు, దాని పక్కన మన పెద్దలు కడప వైపు నుంచి ఇటు వచ్చిన సంవత్సరం. ఎవరూ మర్చిపోరని పెట్టాం. ఆ పేరు, ఆ సంవత్సరం రెండూ ఇక్కడ మన మొదటి పేజీలోనే ఉన్నాయి, గర్వంగా పెద్ద అక్షరాల్లో రాసుకున్నాం. బయట స్థిరపడిన తెలుగు ఇళ్లు చాలావాటిలో ఇదే కథ అయ్యుంటుందని మా అనుమానం. మన చరిత్ర రాసుకోవడం మంచిదే, రాస్తూనే ఉందాం. కానీ ఊరి పేరు, గోత్రం, ఇలవేల్పు, తాత పేరు, వలస వచ్చిన ఏడాది, వీటిలో ఏదీ ఇక రహస్యం కాదు. పదిమందికీ చాటింపు వేసిన మాటను తలుపుకు బీగంగా పెట్టుకోకూడదు.

మూడో సాకు ఇంట్లో కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్లది. "ఎఫ్‌టీపీ ఇన్నేళ్లుగా పనిచేస్తోంది కదా, దాన్ని ఎందుకు ఆపేశారు?" పనిచేస్తోంది, నిజమే. దాని వయసెంతో తెలుసా? ఎఫ్‌టీపీ మొదటి రూపం 1971 ఏప్రిల్‌లో వచ్చింది. రాసింది అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన మన దేశపు మనిషే. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 1985 నాటిది. అప్పట్లో నెట్‌వర్క్ అంటే విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు. అందుకే అందులో పేరు, పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా, రాసింది రాసినట్టే తీగ మీద పోతాయి. ఆనాటి ప్రపంచానికి అది తప్పు కాదు. ఈనాటికీ దాన్నే పట్టుకుని వేలాడటం మన తప్పు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో ఎఫ్‌టీపీని వదిలేశాయి. మనం ఇంకా వదల్లేదు.

మాటలతో ఒప్పుకోని చిన్నాయనకు ఒకరోజు చేసి చూపించాం. సర్వర్ మీద టీసీపీడంప్ నడిపి, "మీ ఫోన్ నుంచి మామూలుగా లాగిన్ అవ్వండి చిన్నాయనా" అన్నాం. ఆయన లాగిన్ అయ్యాడు. తెర మీద 'పాస్' అన్న మాట, దాని పక్కన పాస్‌వర్డ్, ఒక్క అక్షరం దాచకుండా వచ్చి నిలబడింది. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "ఇది మీకు మాత్రమే కనిపిస్తుందా?" అని అడిగాడు. మధ్యలో ఏ తీగ దగ్గర ఎవరు కూర్చుని చూసినా కనిపిస్తుందని చెప్పాం. ఆయన ఇంకో మాట అడగలేదు. బ్యాంకుకూ అదే పాస్‌వర్డ్ పెట్టుకున్నాడని మాకు సాయంత్రం తెలిసింది.

సరిగ్గా ఇట్లాంటి అనుభవం నుంచే ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది. 1995లో ఫిన్లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు పోగుచేస్తుంటే, అక్కడి టాటు యూలోనెన్ దాన్ని రాశాడు. దాని మీద నడిచేదే ఎస్‌ఎఫ్‌టీపీ. పేరు దగ్గరగా ఉందని ఎఫ్‌టీపీకి చెల్లెలనుకోకండి, రెండూ వేరు. ఎఫ్‌టీపీకే టీఎల్‌ఎస్ తొడిగిన ఎఫ్‌టీపీఎస్ అని ఇంకోటి ఉంది. అదీ పనికొచ్చేదే. కానీ దానికి సర్టిఫికెట్ కావాలి, ఫైళ్లు పోవడానికి రూటర్లో ఇంకొన్ని పోర్టులు తెరవాలి. ఒకే పోర్టుతో పోయే ఎస్‌ఎఫ్‌టీపీ ఉండగా ఇంటి సర్వర్‌కు అంత తంటా ఎందుకు?

ఇప్పుడు మేము ఏం చేశామో చెప్తాం. మీ ఇళ్లలోనూ ఇట్లాంటి పెట్టె ఉంటే మీకూ పనికొస్తుంది.

ఎఫ్‌టీపీ సర్వర్‌ను ఆపడం కాదు, తీసేశాం. రూటర్లో 21వ పోర్టు మూసేశాం. ప్రతి మనిషికీ తన పేరుతో ఒక లాగిన్ ఇచ్చాం. పాస్‌వర్డ్ బదులు కీ పెట్టాం. బళ్లో మేము నేర్చుకున్న కన్నడంలో దీన్ని 'బీగద కై' అంటారు, అంటే బీగానికి చెయ్యి. ఇంట్లో అవ్వ నోట నేర్చుకున్న తెలుగులో బీగంచెవి. చెయ్యో చెవో, అది మీ ఒక్కరిదే. రెండు ముక్కలుగా ఉంటుంది. రహస్య ముక్క మీ ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో పుడుతుంది, అక్కడే ఉంటుంది. బయటికి ఇచ్చే ముక్క సర్వర్లో మీ పేరు కింద ఒక వరసగా ఉంటుంది. లాగిన్ అయ్యేటప్పుడు మీ ఫోన్ రహస్య ముక్కతో ఒక సంతకం చేసి పంపుతుంది, సర్వర్ తన దగ్గరున్న ముక్కతో సరిచూసుకుంటుంది. రహస్యం మాత్రం ఫోన్ దాటదు. ఫోన్ పోతే ఏం చెయ్యాలి? మాకు చెప్పండి, ఆ ఒక్క వరస కొట్టేస్తాం. మిగిలిన ఇరవైమందినీ కదిలించే పని లేదు. పాతదైతే ఒకరి ఫోన్ పోయినప్పుడల్లా అందరికీ కొత్త పాస్‌వర్డ్ చెప్పాలి. అందుకే ఏనాడూ మార్చలేదు.

లినక్స్ తెలిసినవాళ్లకు నాలుగు మాటలు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో రూట్ లాగిన్ 'నో', పాస్‌వర్డ్ అథెంటికేషన్ 'నో' పెట్టి పని అయిపోయిందనుకోకండి. కీబోర్డ్ ఇంటరాక్టివ్ అని ఇంకోటి ఉంది. దాన్ని మర్చిపోతే పాస్‌వర్డ్ ముందు తలుపు నుంచి పోయి కిటికీలోంచి మళ్లీ వస్తుంది. సెట్టింగుల ఫైలు ఒక్కటే కాదు, పక్కన ఒక ఫోల్డర్లో చిన్న ఫైళ్లు ఉండొచ్చు. ఒకే మాట రెండు చోట్ల రాస్తే మొదట కనిపించినదే చెల్లుతుంది. అందుకని రాసింది చూసి నమ్మకుండా ఎస్‌ఎస్‌హెచ్‌డీని 'పెద్ద టీ'తో నడిపి నిజంగా ఏది అమల్లో ఉందో చూడండి. 'చిన్న టీ'తో నడిపితే రాతలో తప్పులు చెప్తుంది. రీస్టార్ట్ చేసే ముందు ఒక లాగిన్ తెరిచే పెట్టుకుని ఇంకో కిటికీలో పరీక్షించండి. లేకపోతే సొంత ఇంటి బయట నిలబడాల్సి వస్తుంది. మేము ఒకసారి బెంగుళూరులో కూర్చుని ఆ పని చేసి, శనివారం బస్సెక్కి చింతామణి పోయి కీబోర్డ్ తగిలించుకున్నాం.

ఇంటివాళ్లందరినీ ఒక గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకు ఎస్‌ఎఫ్‌టీపీ తప్ప ఇంకేదీ దొరక్కుండా చేశాం. ఎవరి ఫోల్డరే వాళ్లకు ప్రపంచం, దాన్ని దాటి పైకి పోలేరు. దీన్ని సీహెచ్‌రూట్ అంటారు. ఇక్కడ చాలామంది పడే గుంత ఒకటుంది. ఆ పై ఫోల్డర్ రూట్ సొంతమై ఉండాలి, ఇంకెవరికీ అందులో రాసే హక్కు ఉండకూడదు. ఉంటే లాగిన్ అవ్వగానే బయటికి నెట్టేస్తుంది. చాలామంది విసిగిపోయి సీహెచ్‌రూట్‌నే తీసేస్తారు. తియ్యకండి, దాని లోపల మనిషి పేరుతో ఇంకో ఫోల్డర్ పెట్టి అక్కడ రాయనివ్వండి. అసలు భండారం, అంటే పత్రాలు, పాటలు, ఫోటోలు, అందరికీ చదవడానికి మాత్రమే కనిపించేట్టు కట్టాం. మీరు ఎక్కించినవి మీ ఫోల్డర్లో పడతాయి. మేము చూసి భండారంలోకి చేరుస్తాం. ఇక ఎవరి వేలు జారినా అవ్వ పాట పోదు.

ఎవరు ఏ ఫైలు తెరిచారు, ఏది తీసేశారు అనేది ఇప్పుడు పేరుతో రాసుకుంటుంది. కొన్ని సిస్టమ్‌లలో సీహెచ్‌రూట్ లోపల లాగ్‌కు దారి ప్రత్యేకంగా పెట్టకపోతే ఈ రాత పడదు. పడుతోందో లేదో ఒక ఫైలు తీసేసి చూసుకోండి. ఫెయిల్‌టుబ్యాన్ పెట్టాం, మళ్లీ మళ్లీ తప్పుగా తట్టేవాళ్లను కాసేపు వెలివేస్తుంది. 22వ పోర్టు నంబర్ మార్చితే చాలదా అని ఒక బావ అడిగాడు. మార్చితే లాగ్‌లో రొద తగ్గుతుంది, అంతే. గుమ్మం పక్క సందులోకి మార్చినంత మాత్రాన బీగం వేసినట్టు కాదు. ఇక నకలు తీసే డిస్కు కాకుండా, నెలకొకసారి తగిలించి మళ్లీ విప్పి బీరువాలో పెట్టే డిస్కు ఇంకోటి కొన్నాం. పాత నెలల కాపీలు అందులో ఉంటాయి.

ఇప్పుడు నిజంగా బరువున్న అభ్యంతరం ఒకటే మిగిలింది. పెద్దత్త అన్నది: "నాకు కీ తెలియదు, గీ తెలియదు. పాత పాస్‌వర్డ్ అయితే దేవుడి పేరు, నోటికి వచ్చేది. మీరు బీగం వేసింది దొంగలకు కాదు నాయనా, నాకు." ఈ మాటకు మేము నవ్వలేకపోయాం. భద్రత పేరు చెప్పి ముసలివాళ్లను గడప బయట నిలబెడితే ఆ భండారం ఎవరికోసం? ఆ పత్రికల్లో పెళ్లికూతురు ఆమె. ఆ పాటల్లో వెనక వంత పాడిన గొంతు ఆమెది.

అందుకని ఆ పని ఆమె చెయ్యక్కర్లేదు, మేము చెయ్యాలి. ఇంటికి పోయి, ఆమె ఫోన్లోనే కీ పుట్టించి, యాప్‌లో పెట్టి ఇచ్చాం. ఇప్పుడు ఆమె నొక్కేది ఒక్క బొమ్మ. టైపు చేసేది ఏమీ లేదు. దేవుడి పేరు కూడా టైపు చెయ్యక్కర్లేదు. పాతదానికన్నా ఇదే సులువని ఆమే అన్నది. కష్టం మొదటి అరగంటే, ఆ అరగంట కూర్చోవడానికి బద్ధకించి "పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టేద్దాం" అనేది మనలాంటి కుర్రవాళ్లమే. పెద్దవాళ్లకు రాదు అనేది చాలాసార్లు మనం నేర్పలేదు అనడానికి మర్యాదైన పేరు.

ఇదంతా ఎందుకు, ఏదో ఒక పెద్ద కంపెనీ క్లౌడ్‌లో పెట్టేస్తే పోదా అనేవాళ్లున్నారు. పెట్టండి, తప్పేమీ లేదు. కానీ అక్కడా ఒకరి అకౌంట్ తెరిచి పాస్‌వర్డ్ అందరికీ పంచితే మళ్లీ ఇదే కథ. ఆ ఒకరు కాలం చేస్తే ఆ తలుపు ఎవరు తీస్తారో కూడా ముందే ఆలోచించుకోండి. మన దగ్గర ముగ్గురికి అడ్మిన్ హక్కు ఉంది, వివరాలు కవర్లో పెట్టి బీరువాలో ఉంచాం. ఎక్కడ పెట్టినా సరే, మనిషికొక పేరు, మనిషికొక బీగంచెవి.

కాబట్టి విషయం ఇది. దసరా లోపల ప్రతి ఇంటికీ ఫోన్ చేస్తాం, రమ్మంటే వస్తాం. బీగరు కూడా అడగొచ్చు, వాళ్లకూ ఇస్తాం, వాళ్ల పేరుతోనే. భండారంలో ఉన్న ఆధార్ కాపీలు ఎవరివి వాళ్లు తీసుకెళ్లండి, నెలాఖరుకు మేమే తీసేస్తాం. ఆ పాత పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే ఈ రోజే మార్చండి.

చివరగా ఒక మాట. కొత్త లాగిన్లలో మొదటిది ఆ పదిహేనేళ్ల పిల్లాడికే ఇచ్చాం. వాళ్లింటికి ముగ్గురమూ కలిసి పోయాం. "నువ్వు తీసేశావో లేదో మాకు తెలియదు, తెలియకుండా చేసింది మేమే, క్షమించు" అని చెప్పాం. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి పోయి తన పాత ఫోన్ తెచ్చాడు. అందులో ఏమైనా ఉందేమో చూడమన్నాడు. వెతికాం, ఆ మూడు పాటలు లేవు. మీ ఇళ్లలో పాత ఫోన్లు, మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు ఉంటే మీరూ ఒకసారి వెతకండి. దొరికితే ఫోన్ చెయ్యండి, ఎంత రాత్రయినా పరవాలేదు.